కింద తాడు పట్టేవాడు

ఆ ఏడు గాలివానలు ముందే వచ్చి, పోవలసిన వేళకి పోకుండా తిష్ఠ వేశాయి. ఊళ్ళో సగం చెట్లు విరిగాయి. తక్కినవి ఒరిగి, ఎవరి ఇంటి మీద వాలదామా అన్నట్టు నిలబడ్డాయి. అందరికీ అది గడ్డుకాలం. మాకు మాత్రం పీకల దాకా పని. ఒకరి పైకప్పు మీద చెట్టు కూలితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకెప్పుడూ కాస్త సిగ్గుగానే ఉండేది.

మా ఆయనది చెట్ల వైద్యం. వ్యాను మీద అలాగే రాయించారు. అది చూసి కొందరు కుండీలో గులాబీకి పురుగు పట్టిందని ఫోను చేసేవారు. "మనిషి ఎక్కితే ఆగే చెట్టయితేనే వస్తామండీ" అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. ఫోను నా పని. ఎన్ని రకాల మనుషులో! చెట్టు ఆకులు రాలుస్తోంది, మొదలంటా కొట్టెయ్యమంటుంది ఒకావిడ. ఆకులు రాల్చక నోట్లు రాలుస్తుందా? పక్కింటి కొమ్మ మా గోడ దాటింది, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వచ్చి నరికెయ్యండి అంటాడు ఇంకొకాయన. కందిరీగల పట్టు ఉందని ముందు చెప్పరు. మనిషి పైకెక్కాక "అన్నట్టు మర్చిపోయానండీ" అంటారు.

మా ఆయన పైకి ఎక్కేవారు. మరిది కింద నిలబడేవాడు. ఇళ్ళ మధ్య చెట్టయితే కొమ్మని కోసి అలా పడేయడానికి ఉండదు. కొమ్మకి తాడు కట్టి, ఆ తాడుని పైన గిలక గుండా పోనిచ్చి, కింద చెట్టు మొదలుకి చుట్లు తిప్పి ఒక మనిషి కొస పట్టుకోవాలి. పైన రంపం ఆగగానే కొమ్మ ఆ తాడుకి వేలాడుతుంది. కింది మనిషి దాన్ని మెల్లగా నేలకి దింపాలి. చూడవచ్చిన జనం మాత్రం తలలెత్తి పైకే చూసేవారు. ఇంటివాళ్ళు టీ తెస్తే మొదటి గ్లాసు మా ఆయనకే. మా మరిదికి మిగిలితే ఇచ్చేవారు, మిగలకపోతే నేను నా దాంట్లో సగం పోసేదాన్ని. నేను కొమ్మలు ఈడ్చి వ్యానులోకి ఎక్కించే మనిషిని కనక నాకెలాగూ ఆఖరి గ్లాసే.

మరిదికి దీని గురించి ఏ చింతా లేదు. చింతంతా మా తోడికోడలిది. "ఎన్నాళ్ళు ఇలా పుల్లలు ఏరుకుంటూ ఉంటారు?" అని వారానికోసారైనా దెప్పేది.

"ఎన్నాళ్ళంటే? పుల్లలు ఉన్నన్నాళ్ళూ" అనేవాడు.

మా రెండు జంటలకీ ఒకటే వంటగది. మేం తోడికోడళ్ళిద్దరం గిన్నెల దగ్గర పోట్లాడుకునేవాళ్ళం, కూరలు తరిగేటప్పుడు మాట కలిపేసేవాళ్ళం. ఆమెది నోరు పెద్దదే కానీ మనసులో ఏమీ దాచుకోదు. నాకు చెల్లెళ్ళు లేరు. ఆ లోటు ఆమెతో తీరిందనే చెప్పాలి.

మొదటి గాలికే మా మేడ మీది నీళ్ళ ట్యాంకు పగిలింది. అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న బురదతో అది రాయిలా ఉంది. మగవాళ్ళు వచ్చేదాకా ఎందుకులే అని నేనూ తోడికోడలూ దానికి తాడు కట్టి, తాడుని పిట్టగోడ మీది ఇనప కమ్మీకి చుట్టి, ట్యాంకుని అంచు మీంచి తోశాం. అది గభాలున జారింది. ఇద్దరం పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాం. కమ్మీ కీచుమని బయటికి వంగింది. దాని మొదట్లో సిమెంటు పెళ్ళలు ఊడి రాలాయి.

మెట్లెక్కి వస్తున్న మరిది పరుగున వచ్చి తాడు అందుకున్నాడు. చూస్తూ ఉండగానే ఆ బండెడు బరువూ దూదిమూటలా కిందికి దిగిపోయింది.

"అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారు?" అన్నాడు నవ్వుతూ.

"వదిలేస్తే పడిపోదూ?" అన్నాను రొప్పుతూ.

"వదిలెయ్యమన్లేదు వదినా. వదులుతూ పట్టాలి. బరువు పడేటప్పుడు బిగబట్టారనుకో, ఆ దెబ్బంతా వెళ్ళి పైన కట్టినదానికి తగుల్తుంది. చూడు కమ్మీ ఎలా వంగిపోయిందో! చెట్టు మీదయితే ఆ కమ్మీ ఉన్నచోట అన్నయ్య ఉంటాడు."

"ఎప్పుడు వదలాలో నీకెలా తెలుస్తుంది?"

"అరచేతిలో తాడు సన్నగా వణుకుతుంది. అప్పుడు జారనివ్వడమే. అదే చెప్తుంది."

"అబ్బో, తాడు కూడా మీతో కబుర్లు చెప్తుందా? నేను మాట్లాడితే మాత్రం చెవికెక్కదు" అంది తోడికోడలు. ముగ్గురం నవ్వుకున్నాం. కమ్మీని బాగు చేయిస్తానని అన్నదమ్ములిద్దరూ అన్నారు. ఆ పనుల్లో ఎవరికి తీరిక? అది అలాగే వంగి ఉండిపోయింది.

తర్వాత కొద్ది రోజులకి ఒక పొద్దున పొయ్యి మీద టీ మరుగుతోంది. గిన్నె దించుదామని నేను గుడ్డ కోసం వెతుకుతున్నాను. మా ఆయన వచ్చి ఉత్త చేతుల్తో గిన్నె దించి పక్కన పెట్టారు.

"ఓహో, ఏం మగతనం!" అన్నాను వెటకారంగా.

ఆయన నవ్వి గ్లాసులు తీయబోయారు. అప్పుడు చూశాను. రెండు చేతుల వేళ్ళ కొసలూ ఎర్రగా కమిలి పొంగుతున్నాయి. ఆయనకి తెలియనే తెలియదు. చేతులు లాక్కుని చూస్తే, కాలని వేళ్ళు సుద్దముక్కల్లా పాలిపోయి ఉన్నాయి. గిల్లాను. ఆయన నా మొహం వైపు చూస్తున్నారు, నేనేం చేస్తున్నానో తెలియనట్టు.

"ఎన్నాళ్ళ నించి?"

"చలికి కాస్త మొద్దుబారతాయే. ఎండెక్కితే అవే వస్తాయి."

"నన్ను చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మానేసి ఆయన టీషర్టులు ఎందుకు వేసుకుంటున్నారో, తాళం చెవి ప్రతిసారీ నా చేతికి ఎందుకిస్తున్నారో అప్పుడు నాకు వరసగా అర్థమైంది. కోపం నసాళానికి అంటింది. ఆ కోపం కింద ఉన్నది భయమే.

డాక్టరు రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, సూదితో పొడిచి, మోటారు రంపం అదురుకి నరాలు చచ్చిపోతున్నాయన్నాడు. పోయిన నరాలు తిరిగి రావట. రంపం మానేస్తే ఉన్నవైనా మిగులుతాయట. బయటికి రాగానే మా ఆయన అన్న మాట ఒక్కటే: "ఈ వానలు వెళ్ళనీ. తర్వాత చూద్దాం."

ఆ వానలు వెళ్ళేలోపు ఆయన ఏ కొమ్మ మీంచో పడతారన్న భయం ఆ రోజు నా గుండెల్లో దూరింది. రోజూ పనిలోకి వెళ్ళేటప్పుడు నాతోపాటు వ్యాను ఎక్కేది, రోజూ నాతోపాటు ఇంటికి వచ్చేది.

ఈ పనిలో మాకొక అలవాటు ఉంది. ఎక్కేవాడి కాళ్ళు నేలని వదిలేముందు కిందివాడు "ముడి?" అని అడగాలి. ఎక్కేవాడు నడుం దగ్గర తాడు ముడిని తడిమి "ఉంది" అనాలి. ఆ ముడికి ఇన్ని చుట్లని ఒక లెక్క. ఒకటి తగ్గితే బరువు పడ్డప్పుడు పట్టదు, జారిపోతుంది. మా ఆయన ఆ ముడి వంక కళ్ళతో చూసేవారు కాదు. ఆకుల్లో కళ్ళేం పనిచేస్తాయి, వేళ్ళే చూడాలి అనేవారు. అది ఆయన గొప్ప.

ఆ పొద్దున మంచు పట్టి ఉంది. ఒక బంగళా వెనక చెట్టు, చిటారు కొమ్మ విరిగి ఇంకో కొమ్మకి తగులుకుని వేలాడుతోంది. ఆయన బెల్టు కట్టుకుని ముడి వేసుకున్నారు.

"ముడి?" అన్నాడు మరిది.

ఆయన తడిమి, "ఉంది" అన్నారు.

ముడికి ఒక చుట్టు తక్కువుంది. అంత దూరం నించి నాకే కనబడింది. నేను నోరు తెరిచేలోపే మరిది దగ్గరికి వెళ్ళి, "ఆగన్నయ్యా, బెల్టు మెలిపడింది" అని, బెల్టు సర్దుతున్నట్టు సర్ది, ముడి విప్పి మళ్ళీ వేశాడు. బంగళా యజమాని వరండాలోంచి చూస్తున్నాడు. అతనికేమీ తెలియలేదు. మా ఆయన తల వంచి, తమ్ముడి చేతుల్ని చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఎక్కారు.

ఇంటికి రాగానే నేను ఆగలేకపోయాను.

"రేపణ్ణించి మీరు చెట్టెక్కితే నేను ఈ ఇంట్లో ఉండను. చెప్పేశాను."

"ఎక్కక గాజులు తొడుక్కుని కూర్చోమంటావా?"

"కూర్చోండి. బతికుంటే చాలు. గాజులు నేనే కొనిస్తాను."

తోడికోడలు గిన్నెలు కడగడం ఆపి వచ్చింది. "బావగారూ, ఈయనకీ ఎక్కడం వచ్చు కదా. చిన్న చెట్లు ఎక్కుతూనే ఉన్నారు. మీరు కింద ఉండి చెప్పండి, ఈయన పైన చేస్తారు" అంది. ఆమె గొంతులో మా ఆయన మీద జాలి ఎంత ఉందో, తన మొగుడు పైకెక్కుతాడన్న సంబరం కూడా అంతే ఉంది. నేను ఆమెని తప్పు పట్టను. ఆ మాట ఆమె అనకపోతే నేనే అనేదాన్ని.

మరిది గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. "ఎక్కడానికేం, ఎక్కుతాను. కానీ కింద..."

"కింద నేనుంటాగా" అన్నారు మా ఆయన.

"అదే అన్నయ్యా. కింద తాడు కాస్త..."

"ఏరా చిన్నోడా! పాతికేళ్ళు చెట్ల మీద బతికినవాణ్ణి. నేల మీద నిలబడి తాడు పట్టుకోవడం కూడా నువ్వు నేర్పాలా నాకు?"

అప్పటికే ఆయన మొహం చిన్నబోయి ఉంది. ఇంకో మాట అంటే ఏమైపోతారో అనిపించేలా ఉంది. మరిది నీళ్ళు నమిలి, "అబ్బే, నేనన్నది తొడుగుల గురించి. మందం తొడుగులు వేసుకో" అన్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. పడేదేదైనా పైనించే పడుతుందని, కింద ఉన్న మనిషికి భయం లేదని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. మా ఆయనకి మరీను. ఆయన ఎప్పుడూ కింద నిలబడలేదు. కొమ్మలు మెత్తగా దిగడం పైనించి చూసి, కొమ్మలన్నీ అలాగే దిగుతాయనుకున్నారు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. చిన్న కొమ్మలు, తేలిక పనులు. తోడికోడలు ఒకరోజు పని దగ్గరికి వచ్చి, చెట్టు మీద మొగుణ్ణి ఫోనులో ఫొటో తీసి పుట్టింటివాళ్ళకి పంపింది. ఇప్పుడు మొదటి టీ గ్లాసు మరిదికి వచ్చేది. అతను అది పుచ్చుకుని నేరుగా తీసుకెళ్ళి అన్నగారి చేతికి ఇచ్చేవాడు.

ఒకసారి కాస్త పెద్ద కొమ్మ కోసినప్పుడు తాడు ఠప్పున బిగిసింది. చెట్టంతా ఊగింది. పైనించి "ఉయ్యాల ఊపావన్నయ్యా!" అని నవ్వాడు. దిగి వచ్చాక మొహంలో నెత్తురు లేదు.

"తాడు వణకడం తెలుస్తోందా నీకు?" అని మెల్లగా అడిగాడు.

"తెలుస్తోందిరా" అన్నారు మా ఆయన, తొడుగులు సర్దుకుంటూ.

మరిది ఆ తొడుగుల వంక చూశాడు. అన్నగారు రెండోసారి కూడా పనికిరాకుండా పోయారని ఎలా చెప్తాడు? ఆ రోజు నించి ముక్కలు చిన్నవిగా కోసేవాడు. పని ఆలస్యమవుతోందని ఇంటివాళ్ళు సణిగినా లెక్కచేసేవాడు కాదు.

ఆఖరి గాలి వెళ్ళాక ఒక బడి ప్రహరీ పక్కన యూకలిప్టస్ చెట్టుకి పిలిచారు. నిటారుగా, మేడంత ఎత్తు. గాలికి మాను నడిమిన నిలువునా చీలింది. పిల్లలు రావాలి, తొందరగా తీసెయ్యమన్నారు. అన్నదమ్ములిద్దరూ చెట్టు చుట్టూ తిరిగి, తట్టి చూసి, చీలిక చుట్టూ పట్టీలు బిగించారు. జాగ్రత్తలో ఏ లోపమూ చేయలేదు. ఆ మాట ఎవరడిగినా నేను చెప్పగలను.

"ముడి?" అన్నారు మా ఆయన.

"ఉంది."

కొమ్మలన్నీ మధ్యాహ్నానికి దిగాయి. చెట్టు తల మిగిలింది. దాన్ని ముక్కలు చేయడానికి ఇంకా పైకి వెళ్ళాలి, ఆ సన్నటి చోట మనిషిని ఆ మాను ఆపదు. అందుకని ఒక్కటిగానే కోయాలి. మరిది దానికి తాడు కట్టి, కింద నిలబడ్డ అన్నగారిని పిలిచాడు.

"అన్నయ్యా! వదులుతూ పట్టు. బిగబట్టకు."

"సరేరా."

నేను దూరంగా బడి గేటు దగ్గర ఆకులు ఊడుస్తున్నాను. రంపం ఆగింది. తల ఒరిగి, ఊడి, కింది వైపు పడింది. తాడు బిగిసింది. మా ఆయన చేతుల్లోంచి అప్పుడది జారాలి.

జారలేదు. మాను ఒక్క ఊపు ఊగింది. పట్టీలు తెగిన చప్పుడు వినబడింది. చీలిక దగ్గర చెట్టు విరిగి, తనకి కట్టుకున్న మనిషితో సహా ప్రహరీ మీద పడింది. మా మరిది అరవలేదు. అరిచేంత సేపు కూడా లేదనుకుంటాను.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. చేయగలిగిందేమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. పిడికిళ్ళలో తాడు. "పట్టుకున్నాను, పట్టుకున్నాను" అంటున్నారు. జనం చేరి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది.

ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ అదే చెప్పుకున్నారు. చూశారా, అంత జరిగినా తమ్ముడి తాడు వదల్లేదు, చేతులు విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందట, అన్నంటే అలా ఉండాలి. మా ఆయన గోడ వంక చూస్తూ వినేవారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన కూడా ఆ ఒక్కమాటే చెప్పేవారు. "నేను వదల్లేదు. ఒక్క క్షణం కూడా వదల్లేదు."

అది విన్నప్పుడల్లా నాకు గొంతు చించుకుని అరవాలనిపించేది. ఎవరి మీద అరవను? ఆయనకి సంగతి తెలుసో, తెలిసే అలా అంటున్నారో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. తెలియదన్నా నేను తట్టుకోలేను, తెలుసన్నా తట్టుకోలేను. తోడికోడలు మాత్రం ఒక్కమాట మాట్లాడేది కాదు. వంటగదిలో నా పక్కన కూర్చుని కూరలు తరిగేది. ఇద్దరం అవే కత్తిపీటలు, అవే గిన్నెలు. ఒక్కసారైనా పోట్లాడుకుంటే బాగుండునని ఉండేది నాకు.

వానలు వెళ్ళిపోయాక ఆమె పుట్టింటికి బయలుదేరింది. వద్దని నేను అనలేకపోయాను. ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఉండమంటాను? సంచీలు గుమ్మంలో పెట్టుకుంది. మా ఆయన మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, గ్లాసులో పోసి గుడ్డతో పట్టుకుని తెచ్చింది. నేను వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగిపోయాను.

ఆయన తలెత్తారు. ఇన్నాళ్ళలో ఆమె మొహం చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

"నేను వదల్లేదమ్మా" అన్నారు.

ఆమె ఆయన తల మీదుగా పైకి చూసింది. అక్కడ పిట్టగోడ మీద మా ఇనప కమ్మీ ఉంది. ఎవరూ బాగు చేయించలేదు. మేమిద్దరం బిగబట్టిన రోజు ఎలా వంగిందో అలాగే ఉంది. ఆమె దాని వంక చూడటం నేను చూశాను. తిట్టేస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాను.

"తెలుసు బావగారూ" అంది. "మీరు వదల్లేదు."

ఆయన చెయ్యి చాపారు. ఆమె గ్లాసు వెంటనే ఇవ్వలేదు. గుడ్డ తీసేసి తన అరచేతిలో పట్టుకుని, చుర్రుమన్నా అలాగే ఉంచుకుని, ఊదుతూ నిలబడింది. చల్లారిందో లేదో వేలు ముంచి చూసుకుని, అప్పుడు ఆయన చేతికిచ్చింది.